మొంటానా ‘ఎలిజబెత్’ క్లెమాటిస్: జాగా ఉంటేనే కొనండి

నాలుగు స్టార్లు. ఐదోది ఎందుకు కోసేశానో చెప్తాను.

ఇంగ్లండ్‌లో, మా రెడింగ్ ఇంటి గరాజ్ గోడకి ఈ తీగ పాకించాను. రెండు లీటర్ల కుండీలో మొక్క, 14 పౌండ్లు. మే నెల వచ్చిందంటే గోడా కనబడదు, ఆకూ కనబడదు. నాలుగు రేకల లేత గులాబీ పూలు, దగ్గరికెళ్తే వెనిల్లా వాసన. మన సన్నజాజిలా వీధి చివరికి కొట్టే వాసన కాదు, అంత ఆశ పెట్టుకోకండి. నీడలో వేస్తే ఆ గులాబీ రంగు కూడా వెలిసి దాదాపు తెల్లగా పూస్తుంది.

అసలు మొంటానా అనే ఈ క్లెమాటిస్ జాతి మన హిమాలయాల తీగే. ఒకప్పటి గవర్నర్ జనరల్ భార్య లేడీ ఆమ్‌హర్స్ట్ 1831లో బ్రిటన్‌కు తెచ్చింది. అలాగని హైదరాబాద్ మేడ మీద పెంచుతానంటే కుదరదు. మా అక్క అడిగితే వద్దనే చెప్పాను. దీనికి చలికాలం చలికాలంలా ఉండాలి.

ఇక ఆ ఐదో స్టారు. మొక్కతో వచ్చిన లేబుల్ మీద ‘చిన్న తోటలకు అనువైనది’ అని ఉంది. ఎవరి చిన్న తోటో మరి! ఇది ఏడు మీటర్లు అవలీలగా పాకుతుంది. మాది గరాజ్ దాటి పక్కింటి యాపిల్ చెట్టెక్కింది. ఆవిడ మంచిది కాబట్టి పూలు బాగున్నాయని ఊరుకుంది.

పని మాత్రం తక్కువ. ఆకు కాడలే మెలిపడి పట్టుకుంటాయి కాబట్టి లావు కర్రలు పనికిరావు, గోడకి సన్న వైరు కట్టాలి. మొదట్లో ఎండాకాలం వేరు ఎండిపోకుండా నీళ్లు పోయాలి. కత్తిరింపు దగ్గరే జాగ్రత్త. హెడ్జ్ కొట్టడానికి వచ్చినతను ఫిబ్రవరిలోనే దీన్నీ పొట్టిగా కొట్టేస్తానన్నాడు. పూసేది పోయినేడు పెరిగిన కొమ్మల మీదే, అప్పుడు కొడితే ఆ మేలో పూలుండవు. పూలు రాలాక, మే చివరో జూన్‌లోనో కత్తిరించాలి. రసం చర్మానికి పడదు, గ్లవ్స్ వేసుకోండి.

మామూలు ఆరడుగుల ఫెన్సే ఉంటే దీని జోలికి పోవద్దు. క్లెమాటిస్‌లోనే మరో జాతి అల్పైనా, అందులో ‘ఫ్రాన్సిస్ రివిస్’ అడగండి. తల వంచుకుని పూసే నీలం పూలు, రెండు మూడు మీటర్లకి మించదు, మొంటానా కన్నా ముందే ఏప్రిల్‌లో పూస్తుంది. నీళ్లు నిలవని మట్టి అయితే పెద్ద కుండీలోనూ బతుకుతుంది.