బయోమాస్ హైడ్రోజన్: ముందు ఎవరిని అడగడం మేలు, ప్లాంటు నడిపినవాళ్లనా, వ్యాపారం తెలిసినవాళ్లనా?

ల్యాబ్‌లో రియాక్టర్ పనిచేసింది. కిలో ఎండు బయోమాస్‌కు, అంటే గడ్డి, ఊక, కలప లాంటి సరుకుకు, ఎనభై తొంభై గ్రాముల హైడ్రోజన్ వస్తోంది, ఎన్నిసార్లు చేసినా ఫలితం అటూ ఇటూగా అదే. ఇక పైలట్ ప్లాంటు (పరీక్షగా కట్టే చిన్న ప్లాంటు) గురించి ఆలోచించాలి. సరిగ్గా ఇక్కడే చాలా బృందాలు తడబడతాయి. సలహా కోసం ముందు ఎవరి గడప తొక్కాలి? బయోమాస్‌ను వేడిచేసి గ్యాస్‌గా మార్చే గ్యాసిఫయర్లూ, బాయిలర్లూ నడిపి చేతులు కాల్చుకున్న పరిశ్రమవాళ్లదా? మార్కెట్టు, పెట్టుబడి, ఒప్పందాల సంగతి తెలిసిన వ్యాపార నిపుణులదా?

ఇద్దరినీ అడగండి అనడం తేలిక. కానీ మొదట విన్న సలహాకు ఉండే బరువు తర్వాత విన్నదానికి ఉండదు. ముందు ఫైనాన్స్ మనిషిని కలిసిన బృందం రోజుకు పది టన్నుల హైడ్రోజన్ తీసే ప్లాంటు బొమ్మ వేసుకుని తిరిగొస్తుంది. ముందు ఆపరేటర్‌ను కలిసిన బృందం సరుకును లోపలికి తోసే ఫీడర్ మార్చే పనిలో పడుతుంది. ఆ తర్వాత ఏళ్లతరబడి అదే దారి. కాబట్టి ఇక్కడ వరుసే అసలు నిర్ణయం. నా మాట ముందే చెప్పేస్తాను: గ్యాసిఫికేషన్ దారిలో వెళ్లేవాళ్లకు ప్లాంటు నడిపినవాళ్లే ముందు. బయోగ్యాస్ నుంచి హైడ్రోజన్ తీసేవాళ్లకు వ్యాపారం తెలిసినవాళ్లు ముందు.

ప్లాంటు నడిపినవాళ్ల దగ్గర దొరికేది

ఎండు బయోమాస్ బరువులో హైడ్రోజన్ ఆరు శాతం మాత్రమే. అంటే కిలోకు 60 గ్రాములు. అంతకంటే ఎక్కువ వస్తోందంటే మిగతాది నీటి ఆవిరి నుంచి వస్తున్నట్టు. కార్బన్ ఆవిరితో చర్య జరిపి కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది, అది మళ్లీ ఆవిరితో కలిసి కార్బన్ డయాక్సైడ్‌గా మారుతూ ఇంకొంత హైడ్రోజన్‌ను వదులుతుంది. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ బృందం ఆక్సిజన్, ఆవిరి కలిపి నడిపే గ్యాసిఫయర్‌తో కిలో బయోమాస్‌కు 100 గ్రాములు సాధించామని ప్రకటించింది. సెల్యులోజ్ లెక్కన సిద్ధాంతపరంగా గరిష్ఠం సుమారు 148 గ్రాములు. రసాయన శాస్త్రం వరకు ఇది తేటగా తెలిసిన విషయమే.

ఆపరేటర్ మాత్రం ఈ అంకెల జోలికే రాడు. ‘గడ్డి ఎలా లోపలికి తోస్తున్నారు?’ అన్నది అతని మొదటి ప్రశ్న. ల్యాబ్‌లో వాడింది జల్లెడ పట్టి ఆరబెట్టిన రంపపు పొట్టు. ప్లాంటుకు వచ్చేది మట్టి, రాళ్లు, కట్టుతాళ్లు కలిసిన గడ్డి. హాపర్ అనే గరాటు తొట్టిలో పోయగానే పీచు పీచుతో అల్లుకుని, కింద స్క్రూ ఫీడర్ ఖాళీగా తిరుగుతుంటే పైన గడ్డి కమానులా నిలబడిపోతుంది. మనిషి నిచ్చెనెక్కి ఇనుప కడ్డీతో పొడవాలి. పొడిచిన మరుక్షణం మొత్తం ఒక్కసారిగా కూలి, రియాక్టర్‌లోకి చల్లటి సరుకు గుట్టగా పడి ఉష్ణోగ్రత దిగిపోతుంది. తిరిగి వేడెక్కేలోపు వచ్చిన గ్యాసంతా తారే, అంటే చల్లబడితే జిగురుగా మారే ఆవిరే. ఏ జర్నల్ పేపర్‌లోనూ ఈ అరగంట కనిపించదు. ప్లాంటు బతుకంతా ఈ అరగంటల మీదే ఆధారపడి ఉంటుంది.

తారు సంగతి ఇంకా ఉంది. గ్యాస్ 350, 400 డిగ్రీల దిగువకు చల్లబడే కొద్దీ తారు పైపు గోడలకు అంటుకుంటుంది, చర్యను వేగం చేసే కేటలిస్ట్ మీద పేరుకుంటుంది. బూడిదదీ అదే తంతు. శుభ్రమైన కలపలో బూడిద ఒక శాతం లోపే, వరి ఊకలో 15 నుంచి 20 శాతం దాకా. గడ్డిలోని పొటాషియం, క్లోరిన్ వల్ల, కలప హాయిగా తట్టుకునే ఉష్ణోగ్రతలోనే గడ్డి బూడిద మెత్తబడి గడ్డలు కడుతుంది. కింది నుంచి గ్యాస్ ఊది వేడి ఇసుకను తేలించే ఫ్లూయిడైజ్డ్ బెడ్‌లో ఇసుకంతా అతుక్కుపోతే ప్లాంటు ఆపి, చల్లార్చి, లోపలికి దిగి పగలగొట్టడం తప్ప దారి లేదు.

ఇవన్నీ చిల్లర ఇబ్బందులు కావు. అమెరికా పరిశోధన సంస్థ ర్యాండ్ 1981లో కొత్త తరహా ప్రాసెస్ ప్లాంట్ల మీద వెలువరించిన అధ్యయనంలో, ఘనపదార్థాలతో నడిచేవి ద్రవాలు, వాయువులతో నడిచేవాటి కంటే అనుకున్న ఉత్పత్తికి ఎక్కువ దూరంలో ఆగిపోతున్నాయని తేలింది. బయోమాస్ ఘనపదార్థాల్లోకెల్లా మొండిది.

అయితే ‘పరిశ్రమ నిపుణుడు’ అనగానే అందరినీ ఒకే గాటన కట్టకూడదు. యంత్రాలు అమ్మేవాడు వేరు, వాటిని నడిపేవాడు వేరు. అమ్మేవాడు ఇచ్చే పనితీరు గ్యారంటీ చదివితే అందులో తేమ ఇంత, బూడిద ఇంత, ముక్క సైజు ఇంత అని హద్దులుంటాయి. మీకు దొరికే సరుకు ఆ హద్దుల్లో ఉంటుందా అన్నది నడిపిన మనిషి మాత్రమే చెప్పగలడు. అందులోనూ ఒకసారి మూసేసిన ప్లాంటులో పనిచేసినవాళ్లు దొరికితే వదలకండి. నడుస్తున్న ప్లాంటువాళ్లు దాచుకునే విషయాలు వాళ్లు మనసు విప్పి చెబుతారు.

వ్యాపారం తెలిసినవాళ్ల దగ్గర దొరికేది

ఇక రెండో పక్షం తూకం చూద్దాం, ఎందుకంటే చరిత్ర వాళ్లవైపు కూడా గట్టిగానే మాట్లాడుతుంది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో గోబీగ్యాస్ అనే 20 మెగావాట్ల ప్లాంటు కలపను గ్యాసిఫై చేసి బయోమీథేన్ తయారుచేసేది. చివర్లో హైడ్రోజన్‌కు బదులు మీథేన్ అన్నమాటే గానీ ముందు భాగమంతా ఇదే పని. 2014 చివర్లో పైపులైన్‌లోకి గ్యాస్ పంపింది. సాంకేతికంగా పనిచేసింది. 2018లో ఆపేశారు, గిట్టుబాటు కాక. ఆస్ట్రియాలోని గుస్సింగ్‌లో 8 మెగావాట్ల గ్యాసిఫయర్ ఏళ్లతరబడి నడిచి, ఇలాంటి ప్లాంట్లకు బడిలా పేరుపొంది, ఆర్థికంగా నిలబడలేక 2016లో మూతపడింది. ఈ రెండింటినీ ఇంజినీర్ల సలహా ఒక్కటే కాపాడలేకపోయింది.

వ్యాపార నిపుణుల్లో నేను అందరికంటే ముందు కూర్చోబెట్టేది హైడ్రోజన్ కొనేవాళ్లను. ఎవరు కొంటారన్నదాన్ని బట్టి ప్లాంటు తోక భాగమంతా మారిపోతుంది. హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించుకుని నడిచే ఫ్యూయెల్ సెల్ వాహనాలకు ఐఎస్‌ఓ 14687 ప్రమాణం ప్రకారం 99.97 శాతం స్వచ్ఛత కావాలి, కార్బన్ మోనాక్సైడ్ 0.2 పీపీఎం (పది లక్షల్లో 0.2 భాగం) దాటకూడదు, గంధకం 0.004 పీపీఎం దాటకూడదు. దానికోసం ఒత్తిడి పెంచి తగ్గిస్తూ గ్యాస్‌ను శుద్ధిచేసే ప్రెషర్ స్వింగ్ యూనిట్ పెడితే వచ్చిన హైడ్రోజన్‌లో పది నుంచి పాతిక శాతం వరకు వ్యర్థ గ్యాస్‌తో పోతుంది. దాన్ని మండించి వేడి రాబట్టుకోవచ్చు, కానీ అమ్ముడుపోయే సరుకు తగ్గినట్టే. అదే కొలిమిలో మండించేవాడికి ఇంత స్వచ్ఛత అక్కర్లేదు. 2023లో ప్రపంచం వాడిన దాదాపు 97 మిలియన్ టన్నుల హైడ్రోజన్‌లో అధికభాగం రిఫైనరీలు, అమ్మోనియా, మెథనాల్ ప్లాంట్లకే పోయింది. వాళ్లకు కావాల్సింది రాత్రీపగలూ ఆగని సరఫరా. వర్షాకాలంలో గడ్డి తడిసిందంటే వినరు.

తర్వాత ధ్రువీకరణ తెలిసినవాళ్లు. ఇది చాలామంది ఆఖరికి వదిలేసే విషయం. యూరప్‌లో పరిశ్రమలు వాడే హైడ్రోజన్‌లో 2030 నాటికి 42 శాతం పునరుత్పాదకమై ఉండాలన్న నిబంధన ఉంది. కానీ ఆ లెక్కలోకి వచ్చేది జీవేతర మూలాల నుంచి తీసిన ఇంధనమే. గడ్డి నుంచి తీసిన హైడ్రోజన్ ఎంత శుభ్రంగా ఉన్నా ఆ కోటాను నింపదు. భారత్ 2023 ఆగస్టులో ఇచ్చిన నిర్వచనం మాత్రం బయోమాస్ హైడ్రోజన్‌ను కూడా గ్రీన్ హైడ్రోజన్‌గానే గుర్తిస్తుంది, కిలోకు వెలువడే కార్బన్ డయాక్సైడ్ సమానం పన్నెండు నెలల సగటున 2 కిలోలు మించకపోతే. సహజవాయువు నుంచి మామూలుగా తీస్తే ఇది 9, 10 కిలోలు ఉంటుంది. ఒకే సిలిండర్, రెండు చోట్ల రెండు విలువలు. ఈ సంగతి ప్లాంటు ఆపరేటర్ చెప్పలేడు, అది అతని పనీ కాదు.

మరో మాట కూడా వీళ్ల నోటే వినాలి. ఎండు బయోమాస్‌లో సగం కార్బన్. పది కిలోల నుంచి కిలో హైడ్రోజన్ తీస్తే, ఆ కార్బన్ అంతా కాలిన పక్షంలో 18 కిలోల కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. మొక్కలు గాలి నుంచి తీసుకున్నదే కాబట్టి ఇది శిలాజ ఇంధనం లెక్కలోకి రాదు. పట్టి భూగర్భంలో దాచగలిగితే నికరంగా వాతావరణం నుంచి తీసేసినట్టే. సూర్యుడు, గాలి కరెంటుతో నీటిని విడగొట్టే ఎలక్ట్రోలైజర్‌కు ఈ అవకాశం లేదు. కిలో హైడ్రోజన్‌కు 50 యూనిట్ల పైచిలుకు కరెంటు తినే దానితో ధర దగ్గర పోటీపడాలంటే బయోమాస్‌వాళ్లకు ఇదే పెద్ద బలం కావచ్చు. అందుకు కొనేవాళ్లున్నారా లేదా అన్నది వ్యాపార నిపుణుడిని సూటిగా అడగాల్సిన ప్రశ్న.

ఇద్దరి మాటా పొసగని చోటు

పరిమాణం దగ్గర ఇద్దరికీ పడదు. ప్లాంటు రెట్టింపు చేస్తే యంత్రాల ఖర్చు రెట్టింపు కాదు, సుమారు ఒకటిన్నర రెట్లే అవుతుంది. కెమికల్ ఇంజినీరింగ్‌లో 0.6 ఘాతం సూత్రం ఇదే. ఫైనాన్స్ మనిషి దాన్ని చూపించి పెద్దది కట్టమంటాడు. కానీ గడ్డి పైపులో రాదు. సేకరించే ప్రాంతం రెట్టింపైతే సగటు దూరం 1.4 రెట్లు పెరుగుతుంది, విడి గడ్డి లారీ బరువుతో కాక గాలితో నిండుతుంది. పచ్చి కలప ముక్కలైతే లారీలో సగం నీళ్లే. రోజుకు 10 టన్నుల హైడ్రోజన్ అంటే రోజుకు 100 టన్నుల ఎండు సరుకు, ఏడాది పొడవునా. పంట కోతేమో ఏడాదికి కొన్ని వారాలే. మిగతా నెలల సరుకు తడవకుండా, అంటుకోకుండా ఎక్కడ దాస్తారు?

ఈ వివాదంలో నేను ఆపరేటర్ పక్షమే. వ్యాపార లెక్కల్లో ఏడాదిలోని 8,760 గంటల్లో 8,000 గంటలు ప్లాంటు నడుస్తుందని వేసుకోవడం మామూలు. నిజంగా నడిచేది 5,000 గంటలైతే కిలో మీద పడే పెట్టుబడి భారం 1.6 రెట్లవుతుంది. వడ్డీ ఆగదు కదా. ఆ గంటల అంకె ఆపరేటర్ నుంచి రాకుండా చేసే లాభనష్టాల లెక్క నేల విడిచి సామే. గ్యాసిఫికేషన్‌కు ప్లాంటువాళ్లు ముందు అనడానికి నాకున్న కారణం ఇదే: వ్యాపార నిపుణుడి సలహా వాళ్లిచ్చే అంకెల మీదే నిలబడుతుంది. జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో కోరెన్ సంస్థకు పెద్ద కంపెనీల అండ ఉండేది, మార్కెట్టూ ఉండేది. అయినా బయోమాస్ నుంచి డీజిల్ తీసే ప్లాంటు పూర్తిస్థాయికి చేరకముందే 2011లో దివాలా తీసింది.

బయోగ్యాస్ దారిలో కథ తిరగబడుతుంది. పేడ, మురుగు, తడి వ్యర్థాల నుంచి గ్యాస్ తీయడం పాత విద్య. అందులోని మీథేన్‌ను నికెల్ కేటలిస్ట్ మీద 800, 900 డిగ్రీల దగ్గర ఆవిరితో విడగొట్టడమూ పాత విద్యే. హైడ్రోజన్ సల్ఫైడ్‌ను ముందే శుభ్రంగా తీసేయాలి, లేకపోతే కేటలిస్ట్ చచ్చిపోతుంది. ఆ జాగ్రత్త కూడా తెలిసిందే. ఇక్కడ అసలు ప్రశ్న వేరు: ఆ బయోమీథేన్‌ను మీథేన్‌గానే అమ్ముకోకుండా హైడ్రోజన్‌గా ఎందుకు మార్చాలి? జవాబు పూర్తిగా కొనేవాడి చేతిలో ఉంది. కాబట్టి మొదటి ఫోన్ అతనికే.

బ్యాక్టీరియాతో చీకట్లో పులియబెట్టి హైడ్రోజన్ తీసేవాళ్లకు ఇప్పట్లో ఈ ఇద్దరూ అక్కర్లేదు. ఒక గ్లూకోజ్ అణువు నుంచి సిద్ధాంతపరంగా 12 హైడ్రోజన్ అణువులు రావచ్చు, ఈ పద్ధతిలో పరిమితి 4. మిగిలిన ఆమ్లాలను మీథేన్‌గా మార్చే బయోగ్యాస్ ప్లాంటు మేనేజర్‌తో ఒకసారి మాట్లాడితే చాలు.

అడిగే తీరు

అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 2011లో మొదలుపెట్టిన ఐ-కోర్ కార్యక్రమంలో పరిశోధక బృందాలు దాదాపు వంద మందితో ముఖాముఖి మాట్లాడాలి. ఆ సంఖ్య వెనుక మంచి ఆలోచన ఉంది: మొదటి పది పదిహేను మంది మర్యాదకు మెచ్చుకుంటారు, ఒకే అభ్యంతరం వేర్వేరు నోళ్ల నుంచి మళ్లీ మళ్లీ వినిపించినప్పుడే అది నిజమని తెలుస్తుంది. ‘మా హైడ్రోజన్ కొంటారా?’ అని అడిగితే అందరూ తలూపుతారు. ఇప్పుడు ఎక్కడ కొంటున్నారు, ఒప్పందం ఎప్పటితో ముగుస్తుంది, సరఫరా ఆరు గంటలు ఆగితే మీ లైన్ ఏమవుతుంది అని అడగండి. ఆపరేటర్‌నైతే కిందటి ఏడాది ప్లాంటు ఆగిన రోజుల లాగ్‌బుక్ చూపించమనండి.

వెళ్లేముందు పేటెంట్ దరఖాస్తు దాఖలు చేసి వెళ్లండి. యూరప్‌లో దరఖాస్తుకు ముందు బహిరంగంగా చెప్పేస్తే హక్కు పోతుంది, అమెరికాలో పన్నెండు నెలల వెసులుబాటు ఉంది. గోప్యతా ఒప్పందం మీద సంతకం పెట్టమంటే పెద్ద కంపెనీలు తొలి సమావేశంలో చాలాసార్లు ఒప్పుకోవు. కేటలిస్ట్ మిశ్రమం చెప్పకుండానే సరుకు, తేమ, దిగుబడి, స్వచ్ఛత గురించి మాట్లాడుకోవచ్చు. పైలట్ డిజైన్ ఖాయం చేసే ముందు మాత్రం ఆపరేటర్‌నూ కొనేవాడినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఎంత సరుకు లోపలికి, ఎంత హైడ్రోజన్ బయటికి, ఏడాదికి ఎన్ని గంటలు అన్నది ఒక్క కాగితం మీద రాసి వాళ్ల ముందు పెట్టండి. ఆ దశలో ఖర్చు అంచనా సగానికి తగ్గొచ్చు, రెట్టింపూ కావచ్చు. గంటల అంకె మీద వాళ్లిద్దరూ ఒక మాటకు వచ్చాకే పెట్టుబడి పెట్టేవాళ్లను పిలవండి.