వంజంగిలో బివీ బ్యాగ్ అద్దె, ఆ తర్వాత కొనుగోలు

విశాఖపట్నంలో ట్రెక్కింగ్ సామాను అద్దెకిచ్చే ఒక దుకాణం, ఆవిరి బయటికి పోనివ్వని మామూలు నైలాన్ సంచిని ‘బ్రీతబుల్ బివీ బ్యాగ్’ (స్లీపింగ్ బ్యాగ్ మీద తొడిగే, ఆవిరిని వదిలే సంచి) అని చెప్పి మాకు అంటగట్టింది. ఒక్కోదానికి రాత్రికి రూ.350 అద్దె, రూ.2,000 డిపాజిట్. తిరిగి ఇచ్చినప్పుడు, సంచులు లోపల తడిగా ఉన్నాయని డిపాజిట్‌లో ఒక్కోదానికి రూ.300 కోసుకుంది. ఆ తడి సంచి గుణం వల్ల చేరిందే తప్ప మా వాడకం వల్ల కాదు.

చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు దాకా ప్రయాణం హాయిగా సాగింది. వంజంగి కొండ దిగువన ఒక గిరిజన కుటుంబం మనిషికి రూ.150 తీసుకుని పొలం పక్కన పడుకోనిచ్చి, వేడి వేడి రాగి అంబలి కూడా పోసింది.

బివీ బ్యాగ్ అంటే స్లీపింగ్ బ్యాగ్‌కు పైన తొడిగే గలీబు లాంటిది. టెంటు మోయనక్కర లేకుండా మంచు, గాలి, చిన్నపాటి జల్లు ఆపడమే దాని పని. డిసెంబరు రాత్రి, తెల్లవారుజాముకు ముందే చలికి మెలకువ వచ్చి చెయ్యి చాపితే, సంచి లోపలి గుడ్డ నిండా నీటి బొట్లు తగిలాయి; స్లీపింగ్ బ్యాగ్‌లో వెచ్చదనానికి నింపిన ఈకలు పాదాల వైపు తడిసి ముద్దలు కట్టాయి. మా బావమరిది అప్పటికే లేచి నెగడు దగ్గర కూర్చున్నాడు. ‘వాన పడలేదు కదా బావా, ఈ నీళ్లెక్కడివి?’ అని అడిగి, తెల్లవారేదాకా మరో మాట మాట్లాడలేదు. ఒంటి చెమట, ఊపిరి ఆవిరై, చల్లబడిన గుడ్డకు తగిలి నీరుగా మారాయి. బయటికి దారి లేని ఆవిరి ఇంకెక్కడికి పోతుంది?

పొద్దున్న ఆ ఇంటివారిచ్చిన టీతోనే పరీక్షించాము. పొగలు కక్కుతున్న గ్లాసు మీద మా బావమరిది గోర్‌టెక్స్ (నీటిని ఆపి ఆవిరిని వదిలే గుడ్డ) జాకెట్ అంచును బిగించి, పైన చల్లటి స్టీలు పళ్లెం పట్టుకుంటే, కాసేపటికి పళ్లెం అడుగు మసకబారింది. అద్దె సంచి గుడ్డతో అదే పని చేస్తే పళ్లెం పొడిగానే ఉండగా, గుడ్డ అడుగున మాత్రం బొట్లు కట్టాయి.

కాబట్టి కొనేటప్పుడు బరువు ఒక్కటే చూడకండి. 300 గ్రాములకే దొరికే పూత నైలాన్ సంచి అత్యవసరానికి సరిపోతుంది గానీ రాత్రంతా నిద్రకు పనికిరాదు. పైగుడ్డ మాత్రం ఆవిరిని వదలాలి. అడుగు భాగానికి గట్టి పూత ఉంటే చాలు. లోపల చాపతో సహా పట్టేంత వెడల్పు ఉండాలి, ఎందుకంటే బిగుతుగా ఉంటే స్లీపింగ్ బ్యాగ్ నొక్కుకుపోయి వెచ్చదనం తగ్గుతుంది. ముక్కు, నోరు బయటే ఉంచాలి. ఊపిరి లోపలికి వదిలితే ఎంత ఖరీదైన గుడ్డైనా తడుస్తుంది. మన్యంలో మలేరియా భయం ఉంది గనుక ముఖం దగ్గర దోమతెర లేనిది నేను కొననే కొనను. ముఖం మీద గుడ్డ పడకుండా కమ్మీ ఉన్న రకాలు 900 గ్రాముల దాకా తూగుతాయి. అంత మోసేకంటే ఇంకొంచెం బరువుతో ఒంటరి టెంటే మేలు.

చివరికి రూ.8,400 పెట్టి 480 గ్రాముల సంచి కొని, జనవరిలో అదే పొలానికి వెళ్లాము. పాదాల దగ్గర కాస్త చెమ్మ తగిలింది గానీ ఈకలు పొడిగానే ఉన్నాయి. మా బావమరిది ఎండెక్కేదాకా లేవలేదు. వానాకాలంలో మాత్రం టెంటు తప్పదు.

అద్దెకే తీసుకునేవారు దుకాణంలోనే టీ తెప్పించి ఈ పరీక్ష చేయండి. లోపలి చెమ్మకు కోత ఉండదని రసీదు మీద రాయించుకోండి. మా రసీదులో తడి ఊసే లేదు, అయినా ఎంత వాదించినా మా రూ.600 తిరిగి రాలేదు.