మా ఊరి జెడ్పీ హైస్కూల్ చదువు ఎలా ఉందంటే
మా పాప ఆరు నుంచి టెన్త్ దాకా ఇక్కడే చదివింది, ఐదేళ్ళు దగ్గరుండి చూసి రాస్తున్నా. మ్యాథ్స్ సార్ సూపర్ అండి, లెక్క రాకపోతే సాయంత్రం కూర్చోబెట్టి మళ్ళీ మొదట్నుంచి చెప్తారు, ట్యూషన్ అవసరమే రాలేదు. పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు పక్క పేజీ ఇంగ్లిష్ ఉండటం మాకు చాలా హెల్ప్ అయింది, ఇంట్లో నేను కూడా చదివి చెప్పగలిగా. కానీ హిందీకి దాదాపు సగం ఏడాది టీచర్ లేరు, టెన్త్‌లో 600కి 100 మార్కులు హిందీవే, పిల్లలు గైడ్లు పట్టుకుని బట్టీ కొట్టారు పాపం, అది నాకు చాలా బాధేసింది. సైన్స్ ల్యాబ్‌కి కూడా ఎప్పుడూ తాళమే. మధ్యాహ్నం భోజనం పర్లేదు. మీరు చేర్పించాలనుకుంటే బిల్డింగ్ రంగులు చూడకండి, ముందు ఏ సబ్జెక్ట్‌కి టీచర్ ఉన్నారో హెడ్‌మాస్టర్ గార్ని అడగండి.