ఫ్లైబ్యాక్ క్యాలిక్యులేటర్ యాప్: లెక్క కరెక్టే, అడగాల్సింది అడగదు

ఫ్లైబ్యాక్ అంటే ట్రాన్స్‌ఫార్మర్‌తో ఏసీని తక్కువ వోల్టుల డీసీగా మార్చే ఒక రకం స్విచింగ్ సప్లై. దాని లెక్కలు వేసే ఈ యాప్‌ను ఆరు నెలలుగా వాడుతున్నాను. ఐదుకి మూడు స్టార్లు. రెండు ఎందుకు తగ్గించానో వివరంగా రాస్తాను, దీన్ని నమ్మి ట్రాన్స్‌ఫార్మర్ చుట్టేవాళ్లకు నాలాగా ఒక రోజు పని పోకూడదు.

నాకు కావాల్సింది 85 నుంచి 265 వోల్టుల ఏసీ మీద నడిచే సప్లై, అవుట్‌పుట్ 12 వోల్టులు, 2 ఆంపియర్లు. కంట్రోలర్ చిప్ యూసీ3844, అది డ్యూటీని (ఒక్కో సైకిల్‌లో స్విచ్ ఆన్‌లో ఉండే వాటాని) 50 శాతం దాటనివ్వదు. అందుకే గరిష్ఠ డ్యూటీ 0.45 అని ఇచ్చాను. టర్న్స్ రేషియో (ప్రైమరీ, సెకండరీ చుట్ల నిష్పత్తి) 7.86 అని వచ్చింది. ప్రైమరీ 55 చుట్లు, సెకండరీ 7. చుట్టి, టేపు వేసి, వార్నిష్ కూడా పట్టించాను. ఇన్‌పుట్ ఎక్కువగా ఉన్నంతసేపూ చక్కగా నడిచింది. వేరియాక్ (ఏసీ వోల్టేజీని పెంచి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్) 85కి దించి ఫుల్ లోడ్ పెట్టగానే 12 కాస్తా 11 దాకా జారడం మొదలైంది. ఆసిలోస్కోప్‌లో చూస్తే అవుట్‌పుట్ లైన్ ఫ్రీక్వెన్సీకి రెట్టింపు వేగంతో ఊగుతోంది.

కారణం దొరకడానికి సాయంత్రమైంది. యాప్ 85ని 1.414తో గుణించి, ఆ పీక్ విలువనే డీసీ 120 అనుకుంటుంది. నా సప్లై ఇన్‌పుట్‌లోని 68 మైక్రోఫారడ్ కెపాసిటర్ మీద కొలిస్తే, ఒక పీక్‌కీ ఇంకో పీక్‌కీ మధ్య వోల్టేజీ 90కి పడిపోతోంది. ఇప్పుడు లెక్క చూడండి. డయోడ్ డ్రాప్‌తో కలిపి 12.5ని 7.86తో గుణిస్తే ప్రైమరీ వైపు 98 వోల్టులు. 98ని 98, 120ల మొత్తంతో భాగిస్తే డ్యూటీ 0.45. అదే 120 స్థానంలో 90 పెడితే 0.52. చిప్ అంత ఇవ్వలేదు.

వార్నిష్ పట్టిన కోర్ విప్పబోతే విరిగింది. కొత్త కోర్ తీసుకుని, ఈసారి యాప్‌లో కనిష్ఠ ఏసీ 85 బదులు 64 అని కొట్టాను, పీక్ 90 అవుతుందని. రేషియో 5.89 వచ్చింది: 53 చుట్లకు 9. ఇప్పుడు 85 దగ్గర కూడా 12 కదలడం లేదు. కెపాసిటర్ విలువకు ఒక గడి పెడితే ఈ తిప్పలు ఎవరికీ ఉండవు, డెవలపర్లు దయచేసి చూడాలి.

లోడ్ తగ్గి డిస్‌కంటిన్యువస్ మోడ్‌లోకి (ప్రతి సైకిల్‌లో ట్రాన్స్‌ఫార్మర్‌లోని శక్తి పూర్తిగా ఖాళీ అయ్యే స్థితికి) వెళ్తే ఈ డ్యూటీ సూత్రం చెల్లదని యాప్ స్పష్టంగానే చెప్తుంది. నాకు బాగా నచ్చింది మాత్రం, రేషియో మార్చగానే సెకండరీ డయోడ్ మీద పడే రివర్స్ వోల్టేజీ పక్కనే కనిపించడం. 60 ఉన్నది 76కి పెరిగిందని అక్కడే చూసి, 100 వోల్టుల షాట్కీ డయోడ్ వేశాను.