రాత్రి ఏసీ, ఉదయం వేడినీళ్లు: శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలో ఏ అలవాటు మారిస్తే మేలు?

9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు రాత్రి పది గంటలు వెలిగితే 0.09 యూనిట్ కాలుతుంది. నెలంతా అలాగే వదిలేసినా మూడు యూనిట్లు కావు. అదే ఇంట్లో ఒకటిన్నర టన్నుల ఏసీని 22 మీద పెట్టి తెల్లవార్లూ నడిపితే ఒక్క రాత్రికే ఏడెనిమిది యూనిట్లు లాగుతుంది. లైటు ఆపడం మంచి అలవాటే, దాన్ని మానమనడం లేదు. కానీ రాష్ట్రంలో ఎల్‌ఈడీ బల్బులు మొదట పంచిన జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. లైట్ల దగ్గర మిగలాల్సింది ఆ బల్బులతోనే చాలావరకు మిగిలిపోయింది. ఇక బిల్లు తగ్గాలంటే చల్లబరిచే వస్తువులను, వేడిచేసే వస్తువులను, గంటల తరబడి తిరిగే వస్తువులను పట్టుకోవాలి.

ముందు శ్లాబుల లెక్క చూసుకోండి. మన రెండు జిల్లాలకూ కరెంటు ఇచ్చేది ఈపీడీసీఎల్. 2022-23 నుంచి ఉన్న గృహ వినియోగ ధరల్లో మొదటి 30 యూనిట్లు రూ.1.90, 31 నుంచి 75 వరకు రూ.3, 76 నుంచి 125 వరకు రూ.4.50, 126 నుంచి 225 వరకు రూ.6, 226 నుంచి 400 వరకు రూ.8.75, ఆపైన రూ.9.75. స్థిర ఛార్జీ, సుంకం, సర్దుబాటు ఛార్జీలు దీనికి అదనం. 300 యూనిట్లు కాల్చే ఇంటికి యూనిట్ల ఖర్చే రూ.1,673 అవుతుంది. 225కి తగ్గితే రూ.1,017. వాడకం నాలుగో వంతు తగ్గితే యూనిట్ల ఖర్చు దాదాపు నలభై శాతం పడిపోతుంది, ఎందుకంటే తగ్గేవి పైమెట్టులోని ఖరీదైన యూనిట్లు. అందుకే వేసవిలో ఏసీ దగ్గర మిగిల్చిన యూనిట్‌కు ఉన్న విలువ, చలికాలంలో వంద యూనిట్ల బిల్లు వచ్చే ఇంట్లో మిగిల్చిన యూనిట్‌కు ఉండదు.

ఏసీ: మూడు పద్ధతులు

మన ఇళ్లలో కనిపించేవి మూడు. ఒకటి, 20, 22 మీద పెట్టి దుప్పటి కప్పుకోవడం. రెండు, 26, 27 మీద పెట్టి సీలింగ్ ఫ్యాన్ చిన్నగా తిప్పుకోవడం. మూడు, 24 మీద మూడు నాలుగు గంటలు నడిపి టైమర్‌తో ఆపేసి, ఆ తర్వాత ఫ్యాన్‌తో గడపడం.

డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం మిగులుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ, అంటే స్టార్లు ఇచ్చే బీఈఈ, చెబుతోంది. 2020 జనవరి నుంచి కొత్త స్టార్ ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 చూపించేలా వస్తున్నదీ ఈ లెక్క మీదే. 22 దగ్గర రాత్రికి 8 యూనిట్లు కాలే గదిలో 27 పెడితే ఆరు యూనిట్ల దగ్గరికి వస్తుంది. చిన్నగా తిరిగే ఫ్యాన్ ఎనిమిది గంటలకు తినేది మూడో వంతు యూనిట్. మొత్తం మీద రాత్రికి యూనిట్‌న్నరకు పైగా, నెలకు 48 యూనిట్ల దాకా మిగులుతుంది. ఆ యూనిట్లు రూ.8.75 మెట్టులో ఉంటే నెలకు రూ.420.

అయితే 27 పెట్టిన మొదటి రాత్రే చాలామంది విసిగిపోయి మళ్లీ 22కి దిగిపోతారు. తప్పు వాళ్లది కాదు, మన గాలిది. కళింగపట్నం నుంచి భోగాపురం దాకా తీరం వెంట రాత్రి గాలిలో తేమ బాగా ఎక్కువ. ఇన్వర్టర్ ఏసీ 27 దగ్గర కంప్రెసర్‌ను నెమ్మదిస్తుంది. లోపలి కాయిల్ అంత చల్లగా ఉండదు, గాలిలోని నీటిని అంతగా పట్టదు. గది చల్లగానే ఉంటుంది కానీ ఒళ్లు జిడ్డుగా ఉంటుంది. దీనికి మందు 22 కాదు. తొలి గంట 24 మీద నడపండి. ఆ గంటలో తేమ చాలావరకు పైపులోంచి బయటికి పోతుంది. తర్వాత 27కి పెంచి, ఏసీ గాలి వేగం తక్కువలో పెట్టి, సీలింగ్ ఫ్యాన్ ఒకటో రెండో నంబరు మీద తిప్పండి. ఏసీ గాలి వేగం ఎక్కువగా పెడితే గాలి కాయిల్‌ను తాకి వెంటనే వచ్చేస్తుంది, తేమ వదిలే తీరిక ఉండదు. చెమట ఆర్చే పని సీలింగ్ ఫ్యాన్‌ది, దాన్ని ఏసీతో చేయించకూడదు. వాన పడి ఎండ తగ్గినా ఉక్క తగ్గని సెప్టెంబరు రాత్రుల్లో, గాలిలో తేమను లాగడానికే రిమోట్‌లో ఉండే డ్రై మోడ్ చాలు.

అలవాటు మార్చడం కూడా ఒక్కసారిగా కాదు. నాలుగు రోజులకో డిగ్రీ పెంచండి. 22 నుంచి 27కి ఇరవై రోజులు పడుతుంది, శరీరం ఆ తేడాను పట్టించుకోదు. మార్చి చివర్లో మొదలుపెడితే ఉక్క ముదిరే నాటికి ఒళ్లు అలవాటు పడి ఉంటుంది.

18 పెడితే గది త్వరగా చల్లబడుతుందనే నమ్మకం బలంగా ఉంది. పాత రకం ఏసీలో కంప్రెసర్‌కు ఒకటే వేగం, 18 పెట్టినా 26 పెట్టినా చల్లబరిచే జోరు అంతే. ఇన్వర్టర్ ఏసీ గది వేడిగా ఉన్నప్పుడు 26 మీద కూడా పూర్తి జోరుతోనే మొదలవుతుంది. 18 వల్ల జరిగేది ఒక్కటే, అది ఆగాల్సిన చోట ఆగదు.

టైమర్ పద్ధతి కాగితం మీద అన్నిటికన్నా చౌక. నాలుగు గంటలే నడుస్తుంది కదా. కానీ సగం గంటలకు సగం యూనిట్లు కావు. ఇంటి పైకప్పు పగలంతా కాగి అర్ధరాత్రి దాకా వేడి కక్కుతుంది, ఏసీ ఎక్కువ కష్టపడేది ఆ తొలి గంటల్లోనే. ఆగాక ఇంకో ఇబ్బంది ఉంది. కాయిల్ మీద మిగిలిన తడి మూసిన గదిలోకే ఆవిరవుతుంది. తీరం వైపు ఇళ్లలో రెండింటికి ఆగిన ఏసీ మూడింటికల్లా మనిషిని లేపుతుంది. నిద్రమత్తులో రిమోట్ అందుకుంటే 20కే పోతుంది. లేచి కిటికీలు తీయగలిగితే తప్ప అక్కడ టైమర్ నిలబడదు. బొబ్బిలి, గజపతినగరం వైపు తెల్లవారుజామున గాలి పొడిగా, చల్లగా ఉండే మార్చి, ఏప్రిల్ రాత్రుల్లో మాత్రం ఇదే మేలు. మే వచ్చేసరికి అక్కడా 27, ఫ్యాన్ పద్ధతికే మారాలి.

ఏ పద్ధతి అయినా ఏసీ వేసే ముందు అరగంట తలుపులు, కిటికీలు బార్లా తీసి ఫ్యాన్ తిప్పండి. గదిలో కాగిన గాలిని బయటికి నెట్టడానికి ఏసీ అక్కర్లేదు. ఫిల్టర్ పదిహేను రోజులకోసారి కుళాయి కింద కడిగి, నీడలో ఆరబెట్టి పెట్టండి. సముద్రానికి దగ్గరి ఊళ్లలో బయటి యూనిట్ రేకుల మీద ఉప్పు పేరుకుంటుంది. స్విచ్‌తో పాటు ఏసీ లైనుకున్న బ్రేకర్ (ఎంసీబీ) కూడా దించి, నెలకోసారి మామూలు నీటితో మెల్లగా కడగాలి. నీటి జోరు ఎక్కువైతే రేకులు వంగిపోయి గాలి ఆడదు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఉన్నవాళ్లు, ముసలివాళ్లు, పసిపిల్లలు పడుకునే గదిలో చెమట పట్టించి ఆదా చేయకండి. అక్కడ ఏసీ ఎంత కావాలో అంత ఉండనివ్వండి. ఆదా వేరే చోట దొరుకుతుంది.

ఏసీ లేని ఇంట్లో

అక్కడ బిల్లులో పెద్ద వాటా ఫ్యాన్లది. మామూలు ఫ్యాన్ 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల దగ్గర. రోజుకు పదిహేను గంటలు తిరిగితే మొదటిది నెలకు 34 యూనిట్లు, రెండోది 13న్నర. మరి ఖాళీ గదిలో ఫ్యాన్ ఆపే అలవాటు ఎంత ఇస్తుంది? రోజుకు ఆరు గంటలు వృథాగా తిరుగుతుంటే 13 యూనిట్లు. అంటే ఎవరూ లేని గదిలో ఫ్యాన్ తిరిగే ఇంట్లో ముందు అలవాటు మార్చుకోవాలి, దానికి పైసా ఖర్చు లేదు. ఎప్పుడూ మనిషి ఉండే గదిలో ఫ్యాన్ మార్చడమే మేలు. రూ.3,000 ఫ్యాన్ మీద నెలకు 20 యూనిట్లు మిగిలితే, రూ.4.50 మెట్టులో డబ్బు తిరిగి రావడానికి మూడేళ్లు, రూ.8.75 మెట్టులో రెండేళ్ల లోపు. గోడ మీద పెద్ద డబ్బాలాంటి పాత రెగ్యులేటర్ ఉంటే ముందు దాన్ని తీసేయండి. అది వేగం తగ్గిస్తూ మిగతా కరెంటును వేడిగా మార్చేస్తుంది, ఫ్యాన్ చిన్నగా తిరిగినా ఆదా కనిపించదు. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్‌తో ఆ వృథా పోతుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు మాత్రం ఏ రెగ్యులేటరూ ఉండకూడదు, నేరుగా స్విచ్‌కే కలపాలి.

స్నానానికి వేడినీళ్లు

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా దీని వంతు. లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించాలంటే 1.16 వాట్-అవర్లు కావాలి. గీజరైనా హీటరు కడ్డీ అయినా ఈ లెక్క మారదు. 20 లీటర్ల బకెట్టును 19 డిగ్రీల నుంచి 40కి తేవాలంటే అర యూనిట్. మరి తేడా ఎక్కడొస్తుంది? మొదటి నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయన్న దగ్గర. జనవరి తెల్లవారుజామున మేడ మీది ట్యాంకు నీళ్లు వణికిస్తాయి. అదే సమయానికి బోరు నీళ్లు గోరువెచ్చగా, 27 డిగ్రీల దగ్గర వస్తాయి. వాటిని కాచుకుంటే 0.30 యూనిట్ చాలు. ట్యాంకు నిన్న రాత్రే నింపి పెట్టే బదులు పొద్దున మోటారు వేసినప్పుడే బకెట్టు పట్టుకుంటే ప్రతి స్నానానికీ 0.19 యూనిట్ మిగులుతుంది. నలుగురున్న ఇంట్లో నెలకు 22 యూనిట్లకు పైగా. సాయంత్రం నాలుగింటికి ట్యాంకు నీళ్లు ఎండకు కాగి ఉంటాయి. స్నానం అప్పటికి మార్చుకోగలిగిన వాళ్లకు కాచే పనే లేదు.

ఒకరిద్దరు ఉన్న ఇంటికి 1500 వాట్ల కడ్డీ మేలు, ఎంత నీళ్లు కావాలో అంతే కాగుతాయి. బకెట్టుకు ఇరవై నిమిషాలు. మరిచిపోయి నలభై నిమిషాలు వదిలేస్తే ఇంకో అర యూనిట్ పోతుంది, కడ్డీ ఆనిన చోట ప్లాస్టిక్ బకెట్టు కరగొచ్చు కూడా. ఫోన్‌లో అలారం పెట్టి వేయండి. కడ్డీ మీది గీత దాకా నీళ్లుండాలి. ప్లగ్గు పీకాకే నీళ్లలో చెయ్యి పెట్టాలి. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఇంట్లో లేకపోయినా, చిన్నపిల్లలు తిరుగుతున్నా కడ్డీ వద్దు.

నలుగురైదుగురు ఉంటే గీజరు. థర్మోస్టాట్ 50 మీద పెట్టండి. 15 లీటర్లు 20 నుంచి 50కి రావడానికి 2000 వాట్ల గీజరుకు పదహారు నిమిషాలు, ఆ నీళ్లకు చన్నీళ్లు కలిపితే ఒక బకెట్టు పైచిలుకు. ఒకరి తర్వాత ఒకరు వెంటవెంటనే స్నానం చేసి ఆపేయాలి. రోజంతా ఆన్‌లో ఉంచితే ఎవరూ వాడకపోయినా ట్యాంకు గోడల్లోంచి పోయిన వేడిని నింపడానికే అర యూనిట్ దాకా కాలుతుంది. గీజరు మీద స్టార్లు చెప్పేది ఈ నష్టం గురించే. ఉప్పు బోరు ఉన్న ఊళ్లలో లోపలి ఎలిమెంట్ మీద గార కడుతుంది. నీళ్లు కాగడానికి పట్టే సమయం పెరుగుతోందంటే ఏడాదికోసారి విప్పి గీకించాలి.

గ్యాస్‌తో అయితే అదే బకెట్టుకు అరవై గ్రాములకు పైగా. సిలిండర్ రూ.900 అనుకుంటే నాలుగు రూపాయలు. రూ.4.50 మెట్టులో కరెంటే చౌక, రూ.8.75 మెట్టులో రెండూ ఇంచుమించు సమానం. కొబ్బరి మట్టలు దొరికే కవిటి, సోంపేట వైపు పెరట్లో పొయ్యి ఉన్నవాళ్లకు ఈ లెక్కే అక్కర్లేదు.

ఫలితం లేని అలవాట్లు, పట్టించుకోని అలవాట్లు

రాత్రి ఫ్రిజ్ ఆపడం మానండి. ఆపినంతసేపు లోపలికి చేరిన వేడినంతా పొద్దున కంప్రెసర్ బయటికి తోడాల్సిందే, కాబట్టి మిగిలేది బహుతక్కువ. ఈలోగా ఇడ్లీ పిండి పులుస్తుంది, చేపలు పాడవుతాయి. గోడకు నాలుగు వేళ్ల దూరం జరపడం, తలుపు రబ్బరులో కాగితం పెట్టి లాగి పట్టు ఉందో లేదో చూడడం ఇంతకన్నా ఉపయోగం. ఇన్వర్టరునూ ఆదా కోసం నెలల తరబడి ఆపేయకండి, బ్యాటరీ చచ్చిపోతుంది. తుపాను రాత్రి అది పనికిరాకపోతే ఉండి లాభం లేదు.

సెట్‌టాప్ బాక్స్ మాత్రం రిమోట్‌తో ఆపినా దాదాపు అంతే కరెంటు తింటుంది. 10 వాట్ల పెట్టె రోజంతా ఉంటే నెలకు ఏడు యూనిట్లు, రాత్రంతా వెలిగే రెండు ఎల్‌ఈడీ బల్బుల కన్నా ఎక్కువ. గోడ స్విచ్ దగ్గర ఆపాలి.

మీ ఇంట్లో ఏది ఎంత లాగుతోందో మీటరే చెబుతుంది. దాని మీద ఎర్రగా మిణికే చిన్న దీపం పక్కన యూనిట్‌కు ఎన్ని మిణుకులో అచ్చేసి ఉంటుంది, ఉదాహరణకు 3200. మిగతావన్నీ ఆపి ఒక్క వస్తువునే ఆన్ చేసి నిమిషానికి ఎన్నిసార్లు మిణికిందో లెక్కపెట్టండి. దాన్ని 60తో గుణించి 3200తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. 16 మిణుకులంటే 300 వాట్లు. ఏసీకి ఇలా కుదరదు, అది నిమిషానికో రకంగా లాగుతుంది. పడుకునే ముందు ఒక రీడింగ్, లేవగానే ఒక రీడింగ్ రాసుకోండి. 22 మీద మూడు రాత్రులు, 27తో ఫ్యాన్ కలిపి మూడు రాత్రులు రాయండి. వాన పడిన రాత్రిని లెక్కలోంచి తీసేయండి.