రమ్మన్నందుకు రెండు స్టార్లు, రావద్దన్నందుకు ఇంకో రెండు

ఐదుకి నాలుగు ఇస్తున్నాను. రెండు స్టార్లు అర్ధరాత్రి ఫోన్ చేస్తే వెంటనే బయల్దేరమన్నందుకు, మిగతా రెండు ఇంకోసారి చేస్తే రావద్దన్నందుకు. క్లినిక్ పేరు రాయడం లేదు, కింద తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి. హైదరాబాద్‌లో రాత్రంతా తెరిచి ఉండే పెంపుడు జంతువుల క్లినిక్‌లలో ఒకటి అనుకోండి చాలు.

మా పిల్లి పేరు సున్నుండ. నాటు పిల్లే, 15 ఏళ్ళు. నేను బీటెక్‌లో చేరిన ఏడాది గోడ దూకి వచ్చింది, తర్వాత అమ్మ మా ఇంటికి వచ్చేస్తే అమ్మతో పాటు అదీ వచ్చింది. మార్చిలో ఒక శుక్రవారం పొద్దున తిన్నాక మళ్ళీ గిన్నె ముట్టలేదు. పెరుగన్నం వాసన చూసి మొహం తిప్పుకుంది. శనివారం చేప ముక్క ఉడికించి పెట్టాను, అదే తంతు. "దానికి వయసైపోయిందే, ఒక పూట తింటుంది, ఒక పూట మానేస్తుంది, నువ్వు కంగారు పడకు" అంది అమ్మ. నిజం చెప్పొద్దూ, ఆ మాట నాకూ హాయిగానే అనిపించింది, సెలవు రోజు ఎక్కడికీ తిరగక్కర్లేదు కదా అని. పై వాటాలో అంకుల్ అయితే ఒళ్ళు నొప్పులేమో, అర ముక్క జ్వరం బిళ్ళ వేసి చూడమ్మా అన్నారు. బిళ్ళ విరిచాను కూడా.

ఆదివారం రాత్రి 11:20కి దాని మెడ చూసి భయమేసింది. తల ఎత్తలేకపోతోంది. గడ్డం గుండెకి ఆనించి కూర్చుని, కళ్ళు మాత్రం పైకెత్తి నా వైపు చూస్తోంది. అప్పుడు చేశాను ఫోన్.

ఎత్తిన అబ్బాయి డాక్టర్ కాదు, అసిస్టెంట్. ఏమీ అడక్కుండా "తీసుకొచ్చేయండి మేడమ్" అనేయొచ్చు, బిల్లు వాళ్ళకేగా. అనలేదు. "పడుకోబెట్టి డొక్క ఎన్నిసార్లు లేస్తోందో ఒక నిమిషం లెక్కపెట్టండి, నేను లైన్లోనే ఉంటా" అన్నాడు. 34 వచ్చింది. నిద్రలో ఉన్న పిల్లికి 30 దాటకూడదట, 40 దాటినా, కుక్కలా నోరు తెరిచి రొప్పినా ఇంక లెక్కలు ఆపేసి ఆటో ఎక్కేయడమేనట. పై పెదవి ఎత్తి చిగుళ్ళు చూడమన్నాడు, పాలిపోయి ఉన్నాయి, వేలికి జిగటగా తగిలాయి. ఉచ్చ పోస్తోందా? బోలెడు. వెనక కాళ్ళు ఈడుస్తోందా, పాదాలు చల్లగా ఉన్నాయా? లేదు. చివరిసారి తిన్నది ఎప్పుడు? శుక్రవారం పొద్దున అన్నాను. అవతల ఒక్క క్షణం మాట లేదు. తర్వాత "మందులేమైనా వేశారా?" అన్నాడు. బిళ్ళ సంగతి చెప్పాను. "వెయ్యలేదు కదా? బతికించారు. పారాసిటమాల్ పిల్లి ఒంట్లో విషమైపోతుంది మేడమ్, ఒక్క బిళ్ళకే చచ్చిపోతాయి. బయల్దేరండి."

మొత్తం నాలుగు నిమిషాల కాల్. రెండు రోజులుగా నేను తేల్చుకోలేనిది ఆ నాలుగు నిమిషాల్లో తేలిపోయింది.

వెళ్ళాక కాసేపటికి మా వెనకాల ఒకాయన 11 ఏళ్ళ మగ పిల్లిని తెచ్చాడు. మలబద్ధకం, పొద్దుట్నుంచి మట్టి ట్రేలో కూర్చుని ముక్కుతోంది, ఆముదం పట్టించాం అంటున్నాడు. డాక్టర్ దాని పొట్ట కింద ఒక్కసారి నొక్కి చూసి మమ్మల్ని పక్కకి జరగమని దాన్ని లోపలికి తీసుకెళ్ళిపోయారు. ముందొచ్చింది మేము కదా అని గొణిగాను. తర్వాత తెలిసింది, దానికి ఆగిపోయింది విరేచనం కాదు, ఉచ్చ. మగ పిల్లికి ఆ దారి సన్నగా ఉంటుంది, మూసుకుపోతే రక్తంలో పొటాషియం పెరిగిపోయి ఒకటి రెండు రోజుల్లోనే గుండె ఆగిపోతుంది. మగ పిల్లి ముక్కుతూ చుక్క రావట్లేదంటే ఆముదం సీసా పక్కన పెట్టి పరిగెత్తండి, నేను చెప్పేది అంతే.

సున్నుండది దానికి తలకిందులు. కిడ్నీలు దెబ్బతిని, ఉచ్చతో పాటు పొటాషియం అంతా పోయి 2.8కి దిగింది, అందుకే కండరాల్లో సత్తువ లేక మెడ వాలిపోయింది. కిడ్నీలు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే క్రియాటినిన్ 5.9కి ఎక్కింది. ఒంటి వేడి 98.4. మనకైతే అది మామూలే, పిల్లికి 100.5 పైన ఉండాలి, అంటే చల్లబడిపోతున్నట్టు. ఒంట్లో నీళ్ళు తగ్గాయేమోనని, వీడియోల్లో చూసి వీపు మీద చర్మం పట్టి లాగి చూశానండీ అన్నాను. ముసలి పిల్లి చర్మం ఎలాగూ సాగిపోయి ఉంటుంది, దాన్ని నమ్మకండి, చిగుళ్ళు తడిగా ఉన్నాయా జిగటగా ఉన్నాయా చూడండి అన్నారు డాక్టరమ్మ. తిండి మానేసిన పిల్లికి, అందులోనూ బొద్దుగా ఉన్నదానికి, రెండు మూడు రోజుల్లోనే ఒంట్లో కొవ్వు లివర్‌కి పట్టేయడం మొదలవుతుందని చెప్పి, "ఏకాదశి ఉపవాసాలు మీరు చేసుకోండి, పిల్లితో చేయించకండి" అన్నారు. అమ్మ నవ్వలేదు.

నాకు గుచ్చుకున్నది వేరే. ఆరు నెలలుగా బాత్రూమ్ బకెట్ అంచున నిలబడి గటగటా నీళ్ళు తాగుతుంటే, ఎండాకాలం కదా, బుద్ధిగా తాగుతోంది అని మురిసిపోయాను. చలికాలంలో కూడా తాగిందన్న సంగతి, ఆ దాహం కిడ్నీలదేనని అక్కడ బల్ల ముందు నిలబడ్డాక గుర్తొచ్చింది. 4 కిలోలుండే పిల్లి 3.1 తూగింది.

రెండు రాత్రులు డ్రిప్ మీద ఉంచుకున్నారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ చీటీ వెనకాల రెండు ముక్కలు రాసిచ్చారు, ఫ్రిజ్ మీద అంటించాం. ఉన్నట్టుండి వెనక కాళ్ళు పడిపోయి అరిస్తే రక్తం గడ్డ అడ్డుపడి ఉండొచ్చు, ఫోన్ కూడా వద్దు, వచ్చేయడమే. కంటిపాపలు పెద్దవైపోయి గోడలకి గుద్దుకుంటుంటే బీపీ పెరిగి చూపు దెబ్బతిని ఉండొచ్చు, అది కూడా ఆ రోజే చూపించాలి.

ఇక తిట్లు. కుక్కలకీ పిల్లులకీ ఒకటే వెయిటింగ్ హాలు. పక్కన లాబ్రడార్ మొరుగుతుంటే సగం ప్రాణంతో ఉన్న పిల్లి బుట్టలో వణికిపోయింది, నా చున్నీ కప్పి బుట్టని ఒళ్ళో పెట్టుకున్నాను. ఒక మూల పరదా కట్టడానికి ఎంతవుతుంది? రెండోది డబ్బు. ముందు 10,000 కట్టమని కౌంటర్లో చెప్పారు, ఫోన్లో మాట మాత్రంగానైనా అనలేదు, ఆ వేళకి మా ఆయన నిద్ర లేచి యూపీఐ చేసేదాకా నించోవలసి వచ్చింది. మొత్తం 16,400 అయింది. ఎక్కువ తీసుకున్నారని అనను, ఏ సూదికి ఎంతో ముందే కాగితం మీద రాసిస్తే టెన్షన్ తగ్గేది అంటున్నాను. నాలుగో స్టార్ కూడా కొట్టేద్దామనుకున్నాను అప్పుడు.

జూన్‌లో రాత్రి ఒంటిగంటకి మళ్ళీ ఫోన్ చేశాను. రెండుసార్లు కక్కింది, వెంట్రుకలు పడ్డాయి. అవే ప్రశ్నలు, ఈసారి గొంతు వేరే అబ్బాయిది. ఊపిరి 22, చిగుళ్ళు గులాబీ రంగు, కక్కిన అరగంటకి గిన్నె దగ్గరికెళ్ళి తింది. "ఇప్పుడు ఆటోలో వేసి తిప్పకండి మేడమ్, దానికి అదే పెద్ద ఒత్తిడి. మళ్ళీ కక్కినా, తిండి మానేసినా చేయండి, లేకపోతే పొద్దున తీసుకురండి" అన్నాడు. రాత్రి ఫీజు పోగొట్టుకుని మరీ చెప్పాడు. అందుకే ఆ స్టార్ అలాగే ఉంచేశాను.

ఇప్పుడు వారానికి రెండుసార్లు ఇంట్లోనే చర్మం కింద సెలైన్ ఎక్కిస్తున్నాం, సూది గుచ్చేది అమ్మే, నాకు చెయ్యి వణుకుతుంది. ఇంకో ఫిర్యాదు మర్చిపోయాను. కిడ్నీ పిల్లుల మేత అని 2 కిలోల సంచి అంటగట్టారు, చిన్న ప్యాకెట్ ఇచ్చి తింటుందో లేదో చూడమనొచ్చుగా. గుప్పెడు కూడా తినలేదు, ఆ సంచి మీద ఎక్కి పడుకుంటోంది. మీ ఇంట్లో కిడ్నీ పిల్లి ఉంటే మేత వచ్చి పట్టుకెళ్ళండి, సంచి మాత్రం ఇవ్వను.