కడప బండల ఇంట్లో గదికో పాట: మూడు ఆంప్లిఫయర్లు, గోడల్లో తీగలు

మా ఇల్లు కడపలో చిన్నచౌకు వైపు. కింద హాలు, వంటిల్లు, నేను బ్లౌజులు కుట్టే గది. పైన రెండు పడకగదులు, ఆపైన మిద్దె. ఇల్లు కట్టేటప్పుడే ప్రతి గదిలోనూ పాట వినబడేలా చేయించాలని పట్టుబట్టింది నేనే. మా మామకు తెల్లారేసరికి ఆకాశవాణి కడప కావాలి. అత్తకు దేవుడి పాటలు. నాకు మెషిన్ ముందు పాత సినిమా పాటలు లేకపోతే చెయ్యి సాగదు. ఇంటర్ చదివే అమ్మాయికి ఇవేవీ వద్దు. హాల్లో ఒక పెద్ద స్పీకర్ పెట్టి సౌండ్ పెంచితే ఒకరికి పాట, ముగ్గురికి తలనొప్పి.

ఒక ఎండాకాలం, ఒక వానాకాలం వాడి చూశాక రాస్తున్నా. మేం చివరికి తీసుకున్నది మూడు వీమ్ ఆంప్‌లు (ఇంటర్నెట్ పాటను తామే అందుకుని స్పీకర్లకు పంపే ఆంప్లిఫయర్ పెట్టెలు), గోడకు బిగించే మామూలు స్పీకర్లు. మొత్తం లక్షన్నర దాటింది. అంత అవసరమా అని మా ఆయన ఇప్పటికీ అడుగుతాడు. పైగదిలో ఆదివారం పాటలు పెట్టుకునేదీ ఆయనే.

ఎలక్ట్రీషియన్ మొదట చెప్పింది వేరు. "అక్కా, గుడికి పెట్టినట్టు పెట్టేద్దాంలే, ఒక్క అహూజా మెషిన్ చాలు" అన్నాడు. నవ్వి పారేసే సలహా కాదది. గుళ్ళలో, బడుల్లో వాడే ఆ 100 వోల్టుల లైన్ పద్ధతిలో తీగ వందల మీటర్లు పోయినా సౌండ్ పెద్దగా తగ్గదు, ఒకే తీగ మీద డజను స్పీకర్లు తగిలించుకోవచ్చు, ఏళ్ళ తరబడి చెక్కు చెదరదు. కానీ ఒక్క ఆంప్లిఫయర్ కాబట్టి అన్ని గదుల్లోనూ ఒకటే పాట. ప్రతి స్పీకర్‌కూ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, చవక రకాల్లో దానివల్ల తబలా, బేస్ పలచబడిపోతాయి. ప్రకటనలు వినడానికి అది చాలు, పాటలకు చాలదు.

గదికో స్మార్ట్ స్పీకర్ కొనడం అన్నిటికన్నా తేలిక. అమెజాన్ ఎకో అయినా గూగుల్ నెస్ట్ అయినా యాప్‌లో గ్రూపు కట్టేస్తే ఇల్లంతా కలిసి పాడతాయి. రెండు గదుల అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళకు నేను చెప్పేది ఇదే, ఇంకేమీ ఆలోచించొద్దు. సొంత ఇంటికి మాత్రం నాకు మనసు ఒప్పలేదు. 2022 జనవరిలో అమెరికాలో పేటెంట్ల కేసు సోనోస్ అనే స్పీకర్ల కంపెనీ వైపు తేలాక గూగుల్ తన స్పీకర్ల గ్రూపు మొత్తానికి ఒకేసారి వాల్యూమ్ మార్చే వీలు తీసేసింది. కొన్నవాళ్ళు ఒక్కో స్పీకర్‌నూ విడిగా తగ్గించుకోవాల్సి వచ్చింది. మరి సోనోస్ కొంటే? సౌండ్‌కు వంక పెట్టలేం. కానీ 2024 మేలో వాళ్ళు కొత్త యాప్ తెస్తే అందులో అలారాలు, స్లీప్ టైమర్ లాంటివి మాయమయ్యాయి, కంపెనీ అధిపతి క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. బుద్ధంతా స్పీకర్ లోపలే ఉంటే, కంపెనీ తలచుకున్న రోజున మన ఇంట్లో పాట ఆగుతుంది. అందుకే స్పీకర్‌ను ఉత్త స్పీకర్‌గా ఉంచి, బుద్ధిని విడి పెట్టెలో పెట్టాలనుకున్నాం. ఆ పెట్టె నచ్చకపోతే రేపు ఇంకో కంపెనీది తెచ్చి అవే తీగలకు తగిలించుకోవచ్చు.

వీమ్ ఆంప్ ఎందుకంటే, అది చిన్న పెట్టె, 8 ఓమ్‌ల స్పీకర్లకు చానెల్‌కు, అంటే ఎడమకూ కుడికీ విడివిడిగా, 60 వాట్లు ఇస్తుంది. వైఫైతో పాటు లాన్ తీగ (రూటర్ నుంచి వచ్చే ఇంటర్నెట్ తీగ) పెట్టుకునే చోటుంది, టీవీకి హెచ్‌డీఎంఐ ఉంది. మా ఇంట్లో అన్నీ ఆండ్రాయిడ్ ఫోన్లు కాబట్టి గూగుల్ కాస్ట్, అంటే ఫోన్‌లోని పాటను వైఫై మీద పెట్టెకు పంపే వీలు, ఉండడం ముఖ్యం. ఇదే కంపెనీ వీమ్ మినీ చవగ్గా దొరుకుతుంది, దాన్ని పాత ఆంప్లిఫయర్‌కు తగిలించుకోవచ్చు. అయితే అందులో కాస్ట్ లేదు, లాన్ చోటూ లేదు. ఐఫోన్ వాళ్ళకైతే అదే పని చేసే ఎయిర్‌ప్లే ఉంది కాబట్టి మినీ సరిపోతుంది.

కొనేముందు ఎవరూ చెప్పని చిక్కు ఒకటుంది. మామూలు యూట్యూబ్ యాప్ నుంచి ఇలాంటి ఆడియో పెట్టెలకు కాస్ట్ చేయలేం, దానికి తెర ఉండాలి. మా అత్త దేవుడి పాటలన్నీ యూట్యూబ్‌లోనే ఉంటాయి. టీవీలో యూట్యూబ్ పెట్టి, హెచ్‌డీఎంఐ ద్వారా హాల్లో ఆంప్‌కు సౌండ్ ఇచ్చుకుంటున్నాం. ఆమెకేమీ తేడా లేదు, పైగా దేవుడి బొమ్మ కూడా కనిపిస్తుంది.

ఇక తీగల సంగతి. ఈ మొత్తం పనిలో తప్పక జాగ్రత్త పడాల్సింది ఇక్కడే, ఎందుకంటే పూత అయ్యాక గోడ పగలగొట్టనిచ్చే ఇల్లాలు ఉండదు. షాపులో సన్న తీగ చాలన్నారు. నా బీఎస్సీ ఫిజిక్స్ పెళ్ళయ్యాక మొదటిసారి పనికొచ్చింది. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు కిలోమీటరుకు సుమారు 13 ఓమ్‌ల నిరోధం ఉంటుంది, 2.5 తీగకు ఏడున్నర. హాల్లో అల్మారా నుంచి పైగదికి పైపు తిరిగి వెళ్ళే దారి 20 మీటర్లు, పోనూ రానూ 40. సన్న తీగలో అర ఓమ్ పైనే పోతుంది, లావు తీగలో 0.3. 8 ఓమ్‌ల స్పీకర్‌కు తీగ నిరోధం 5 శాతం, అంటే 0.4 దాటకుండా చూసుకోవాలి. అందుకని పైకి 2.5, కింద దగ్గరి గదులకు 1.5 వేయించాం. కరెంటు తీగలున్న పైపులో స్పీకర్ తీగలు దూర్చవద్దని మేస్త్రీ పక్కనే నిలబడి చెప్పాల్సి వచ్చింది. పక్కపక్కనే పోతే గుయ్యిమనే శబ్దం పట్టుకోవచ్చు, తీగ తొడుగు దెబ్బతింటే ప్రమాదం కూడా.

లాన్ తీగ కూడా ప్రతి అంతస్తుకూ లాగించాం. కాంక్రీట్ స్లాబు కింద ఉన్న రూటర్ నుంచి పైకి వైఫై వచ్చేసరికి నీరసపడిపోతుంది. ఫోన్ చూసుకోవడానికి చాలు గానీ, రెండు గదులు ఒకే తాళంలో పాడాలంటే చాలదు. బ్లూటూత్ అయితే ఆ ఊసే వద్దు. మామూలు బ్లూటూత్‌లో పాట సెకనులో ఐదో వంతు దాకా వెనకబడుతుంది. ఒక గదిలో తీగ స్పీకర్, పక్క గదిలో బ్లూటూత్ స్పీకర్ పెడితే గాయకుడి వెనక ఇంకో గాయకుడు తరుముకొస్తున్నట్టు ఉంటుంది.

వంటింట్లో రెండు స్పీకర్లకు చోటు లేదు. ఒకే స్పీకర్ పెట్టి ఎడమ చానెల్ మాత్రమే కలిపితే కొన్ని పాటల్లో వాయిద్యాలు సగం వినిపించవు. దీనికి సింగిల్ స్టీరియో అనే రకం ఉంది. ఒకే చట్రంలో రెండు చిన్న ట్వీటర్లు (సన్న స్వరాలు పలికేవి) ఉండి రెండు చానెళ్ళనూ తీసుకుంటుంది. అది నా కుట్టుగది ఆంప్ మీదే నడుస్తుంది. రెండు 8 ఓమ్‌ల స్పీకర్లను ఒకే చానెల్‌కు సమాంతరంగా కలిపితే 4 ఓమ్‌లు, వీమ్ ఆంప్ అంతవరకు మోస్తుంది. మూడోది కూడా అక్కడే తగిలించమంటే ఒప్పుకోకండి. వంటింటి గోడలో విడిగా వాల్యూమ్ నాబ్ ఉంది, నా పాట అత్తకు నచ్చనప్పుడు ఆమె చెయ్యి నేరుగా దాని మీదికి పోతుంది.

సౌండ్ విషయంలో నన్ను ఆశ్చర్యపరిచింది మా ఊరి రాయే. హాలంతా పాలిష్ పెట్టిన కడప బండలు, నున్నటి గోడలు. షాపులో అద్దాల గదిలో విన్నప్పుడు తియ్యగా ఉన్న స్పీకర్లు మా హాల్లో గీపెట్టాయి. మాట్లాడితేనే మోగే గది అది. పెద్ద జంపఖానా పరిచి, కిటికీలకు మందపాటి కర్టెన్లు వేశాక దారికొచ్చింది. అవే స్పీకర్లు కుట్టుగదిలో మొదటి రోజు నుంచీ బాగున్నాయి. అక్కడ మూడు వైపులా బట్టల తానులే కదా! ఎక్కువ ఖరీదు స్పీకర్లకు వెళ్ళేముందు కర్టెన్ల షాపుకు వెళ్ళమని నా సలహా.

బిగించడానికి వచ్చిన కుర్రాడి పని పర్వాలేదు, కానీ పైగదిలో ఒక స్పీకర్‌కు ప్లస్, మైనస్ తిరగేసి కలిపాడు. రెండు స్పీకర్లకు మధ్య నిలబడితే బేస్ మాయం, పక్కకు జరిగితే వస్తుంది. అలా వినిపిస్తే ఒక్క స్పీకర్ తీగలు మార్చి చూడండి, ఖర్చు లేదు. అతను మాత్రం "మీ చెవులు కొత్త సౌండ్‌కు అలవాటు పడాల మేడమ్" అని రెండుసార్లు చెప్పి పోయాడు.

రేడియో గురించి మామ తరఫున రాయాలి. 1963 నుంచి ఉన్న కడప కేంద్రం మీడియం వేవ్‌లో వస్తుంది. పాత ట్రాన్సిస్టర్ నా మెషిన్ పక్కన పెడితే మోటారు తిరిగినప్పుడల్లా బర్రుమనేది, మోటారు బ్రష్‌ల దగ్గర లేచే నిప్పురవ్వల వల్ల. ఇప్పుడు ఇంటర్నెట్ ప్రసారం లింకును రిమోట్ మీద ఒకటో ప్రీసెట్ బటన్‌కు పెట్టాం. బటన్ నొక్కితే చాలు, ఫోన్ ముట్టక్కర్లేదు. సౌండ్ అద్దంలా ఉంది. కానీ ఇంటర్నెట్‌లో ప్రసారం కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుంది. వార్తల ముందు బీప్‌లు విని గోడగడియారం సరిచేసుకోవడం మామకు జీవితమంతా అలవాటు. ఈ రేడియో అబద్ధం చెబుతోందని ఆయన ఫిర్యాదు, అది నిజమే కూడా. గడియారం కోసం ట్రాన్సిస్టర్‌ను ఇంకా బయటికి తీస్తారు.

కరెంటు పోయినప్పుడు? మా పాత ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ రకం, దాని మీద స్పీకర్లలో సన్నగా గుయ్యిమనేది. ప్యూర్ సైన్ వేవ్‌ది మార్చాక పోయింది. రూటర్‌ను కూడా ఇన్వర్టర్ మీదే పెట్టండి. లేకపోతే కరెంటు వచ్చాక రూటర్ లేచేదాకా ఆంప్‌లు ఇంటర్నెట్ కోసం వెతుక్కుంటూ కూర్చుంటాయి, అత్త వంటింట్లోంచి కేకేస్తుంది.

మొత్తం మీద ఇల్లు కడుతున్నవాళ్ళకు, లేదా వైరింగ్ మళ్ళీ చేయిస్తున్నవాళ్ళకు ఈ పద్ధతి కళ్ళు మూసుకుని చెబుతాను. గోడలు కదిలించలేని వాళ్ళకు చెప్పను. డబ్బు చాలకపోతే తీగలన్నీ వేయించి, ఒకే ఆంప్‌తో మొదలుపెట్టండి, మిగతా గదుల తీగల కొసలకు టేపు చుట్టి పేరు రాసి పెట్టెలో ఉంచండి. మిద్దె మీద మేం చేసింది అదే. ఎండకూ వానకూ ఆగే స్పీకర్లు సన్‌షేడ్ కింద పెట్టాలని ఉంది, వేసవిలో అక్కడే కదా పడుకునేది. కానీ రాత్రి పదింటి తర్వాత నివాస ప్రాంతాల్లో 45 డెసిబెళ్ళు దాటకూడదన్నది నిబంధన, పక్కింటి పెద్దాయనకు దానికన్నా తక్కువే ఇష్టం. దసరా దాకా ఆగుదామంటున్నాడు మా ఆయన. నేను మాత్రం సైజులు కొలిచి పెట్టుకున్నా.